నాలుగు దీవులొద్దు, ఒక్క క్రీట్ చాలు

పోయిన ఆదివారం భోజనానికొచ్చిన ఒకమ్మాయి ఫోన్ తీసి తన గ్రీస్ ప్లాన్ చూపించింది. ఏథెన్స్ రెండు రాత్రులు, మికోనోస్ రెండు, నాక్సోస్ రెండు, సాంటోరిని రెండు, చివర్లో క్రీట్ ఒక్క రాత్రి, అక్కణ్ణుంచి మేముండే జర్మనీకి, మ్యూనిక్ ఫ్లైట్. ఆగస్టులో. అత్తగారు మామగారు ఇండియా నుంచి వస్తున్నారు, ఇద్దరికీ అరవై ఐదు దాటాయి, నాలుగేళ్ళ పిల్లాడున్నాడు, సామాన్లు సరేసరి. "ఎలా ఉందక్కా?" అని అడిగింది. చారు వడ్డిస్తూ "బాగుంది కానీ కొంచెం ఎక్కువైందేమో" అని ఊరుకున్నాను. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆ ప్లానే బుర్రలో తిరిగింది, ఎందుకంటే 2018 ఆగస్టులో మేం అచ్చం అలాంటిదే వేసుకుని వెళ్ళొచ్చాం, అప్పుడు నాకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ఇది రాస్తున్నా.

ప్లాన్ వేసేటప్పుడు మనం రాత్రులు లెక్కపెడతాం, హోటళ్ళు రాత్రికింత అని అమ్ముతారు కాబట్టి. కానీ మీరు పొద్దున్నలు లెక్కపెట్టండి, హాయిగా లేచి కాఫీ తాగి ఇవాళ ఎటు పోదాం అనుకునే పొద్దున్నలు ఎన్నున్నాయో చూడండి. ఆ అమ్మాయి ప్లాన్‌లో తొమ్మిది రాత్రులకి ఊరు మారడం నాలుగు సార్లు. ఊరు మారే రోజు అంటే ఏంటి? పొద్దున్నే పెట్టెలు సర్దడం, పదింటికో పదకొండింటికో రూమ్ ఖాళీ చెయ్యడం, పోర్టుకి టాక్సీ, అక్కడ నీడ లేని రేవులో నిలబడటం, పడవ లేటు, దిగాక మళ్ళీ టాక్సీ, అక్కడ రూమ్ మూడింటికి గానీ ఇవ్వరు. సాయంత్రం ఐదు. వచ్చే రోజు, పోయే రోజు ఎలాగూ పోతాయి, మిగిలిన ఎనిమిదింట్లో నాలుగు ఇలా రేవుల్లో పోతే సెలవంటూ మిగిలింది నాలుగు రోజులు. లక్షలు పెట్టి కొనుక్కున్నది ఆ నాలుగు రోజులేనండీ.

పైగా ఆగస్టు. జూలై ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి గాలి వీస్తుంది, మెల్తెమి అంటారు. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం గోలగోలగా కొడుతుంది. గాలి బాగా ముదిరితే కోస్ట్ గార్డ్ పడవలు కదలకూడదని ఆర్డర్ వేస్తుంది, దానికి వాళ్ళ మాట అపగోరెఫ్తికో. 2018లో నేను నేర్చుకున్న మొదటి గ్రీకు మాట అదే. నాక్సోస్ రేవులో మూడేళ్ళ మా పెద్దాణ్ణి భుజానేసుకుని పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చున్నాం, పన్నెండింటికి ఆ మాట బోర్డు మీద పడింది. ఆ రాత్రికి నాక్సోస్‌లోనే అప్పటికప్పుడు రూమ్ వెతుక్కోవాలి, అవతల సాంటోరినిలో కట్టేసిన రూమ్ డబ్బులు వెనక్కి రావు అన్నారు. రెండు రాత్రుల సాంటోరిని ఒక్క రాత్రి అయింది. ఆ ఒక్క సాయంత్రం ఓయా ఊళ్ళో సూర్యాస్తమయం కోసం జనంలో నలుగుతూ నిలబడ్డాం, మావాడికి ముందున్న వాళ్ళ వీపులు తప్ప ఏం కనపడలేదు, ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు.

సాంటోరిని బాగోదని నేనట్లేదు. అగ్నిపర్వతం పేలి మధ్యభాగం సముద్రంలో కూలిపోతే మిగిలిన అంచు మీద కట్టుకున్న ఊళ్ళు అవి, చూస్తే గుండె ఒక్క క్షణం ఆగుతుంది. అదే దీవిలో అక్రోతిరి అని మూడున్నర వేల ఏళ్ళ కిందట బూడిదలో పూడిపోయిన ఊరుంది, వీధులు, మేడలు, నిలవ జాడీలు అలాగే ఉన్నాయి. రెండు రాత్రులకి వెళ్ళినవాళ్ళు దాన్ని వదిలేసి ఫోటో కోసం లైన్లో నిలబడతారు, మేమూ అదే చేశాం. అసలు ఆ దీవి ఎంతని? 76 చదరపు కిలోమీటర్లు, పదిహేను వేల చిల్లర జనాభా, 2023లో అక్కడికొచ్చినవాళ్ళు 34 లక్షల మంది. 2025 జూలై నుంచి సీజన్‌లో క్రూయిజ్ షిప్పుల్లో వచ్చి దిగేవాళ్ళకి మనిషికి 20 యూరోలు వసూలు చేస్తున్నారు. ఆ ఊళ్ళో కాపురముండేవాళ్ళకి నీళ్ళు, ఇళ్ళు, రోడ్లు ఎలా సరిపోతాయో మనం ఆలోచించాలి కదా. మే‌లోనో అక్టోబర్‌లోనో నాలుగైదు రాత్రులు అక్కడే ఉండేట్టు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. దారిలో దిగి ఎక్కే స్టేషన్‌లా మాత్రం వద్దు.

2024లో అమ్మ నాన్న మొదటిసారి మా దగ్గరికొచ్చినప్పుడు మా ఆయనతో ఒకటే చెప్పాను, ఈసారి ఒక్క దీవి, రెండే ఇళ్ళు, పది రాత్రులు అని. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో మే చివర పెంతెకొస్తు అనే క్రైస్తవ పండక్కి స్కూళ్ళకి రెండు వారాలు సెలవులిస్తారు, అప్పుడు పెట్టుకున్నాం. నాన్న తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయనకి ఏదైనా లెక్క తేలాలి. "ఒక్క దీవిలో పది రోజులు ఏం చేస్తామమ్మా?" అన్నారు. మ్యాపు తీసి చూపించాను. క్రీట్ పొడవు ఆ చివర్నుంచి ఈ చివరికి 260 కిలోమీటర్లు, అంటే గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళినంత. మధ్యలో ఇదా కొండ ఎత్తు 2,456 మీటర్లు, మన తిరుమల కొండకి దగ్గర దగ్గర మూడింతలు. ఇది దీవి అని పేరే గానీ చిన్న రాష్ట్రం లాంటిది. అక్కడి పెద్ద ఊరు హెరాక్లియోన్ నుంచి ఇంకో పెద్ద ఊరు హన్యాకి (మ్యాపుల్లో చానియా అని ఉంటుంది) 140 కిలోమీటర్లు, కార్లో రెండున్నర గంటలు. అలాంటిచోట ఒక్క రాత్రి అంటే ఎయిర్‌పోర్ట్ పక్కన పడుకుని లేవడమే.

మేం హన్యాలో దిగి అక్కడ ఐదు రాత్రులు, తర్వాత హెరాక్లియోన్‌కి దక్షిణంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో ద్రాక్షతోటల మధ్య ఉన్న అర్ఖానెస్ అనే ఊళ్ళో ఐదు రాత్రులు ఉండి, హెరాక్లియోన్ నుంచి ఫ్లైట్ ఎక్కాం. ఒక ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఇంకో దాంట్లో ఎక్కడం వల్ల వెనక్కి రావడం అనేది లేదు. కారు ఒకచోట తీసుకుని ఇంకోచోట ఇచ్చినందుకు కొంచెం ఎక్కువ తీసుకున్నారు, ఆ డబ్బు ఒక రోజు ఖరీదు అనుకుంటే చాలా చవక.

ఎండ గురించి. "గుంటూరు రోహిణీ కార్తెలో పుట్టి పెరిగినవాళ్ళం, మాకు యూరప్ ఎండేంటి" అని మనవాళ్ళందరూ అంటారు, మా నాన్న కూడా అన్నారు. నిజమే, కానీ గుంటూరులో మే నెల మధ్యాహ్నం మనం ఏం చేస్తాం? తలుపులేసుకుని పడుకుంటాం. ఇక్కడ అదే పెద్దవాళ్ళని మధ్యాహ్నం రెండింటికి నీడ లేని శిథిలాల్లో నడిపిస్తాం, టికెట్ కొన్నాం కదా అని. 2023 నుంచి వరసగా ప్రతి వేసవిలోనూ ఎండ మరీ ముదిరిన రోజుల్లో ఏథెన్స్‌లో కొండ మీద పాత గుళ్ళున్న అక్రోపోలిస్‌ని మధ్యాహ్నం పూట వాళ్ళే మూసేస్తున్నారు. అదే 2023 జూలైలో రోడ్స్ దీవిలో అడవి అంటుకుని దాదాపు 19,000 మందిని హోటళ్ళ నుంచి, ఊళ్ళ నుంచి తరలించాల్సి వచ్చింది. జూలై ఆగస్టుల్లో స్కూలు సెలవులు తప్ప ఇంకే కారణమూ లేదు వెళ్ళడానికి. మే చివర వెళితే కొండల మీద పూలు ఇంకా ఉంటాయి, సముద్రం కాస్త చల్లగా ఉంటుంది, పిల్లలకి అదేం పట్టదు. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో అయితే వేసవంతా కాగిన నీళ్ళు, ఈదడానికి అంతకంటే మంచి టైమ్ లేదు.

తిండి దగ్గరే మనవాళ్ళకి అసలు భయం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నేను కుక్కర్ పట్టుకెళ్దామా, ఊరగాయ ఎంత పెడదాం అని వారం రోజులు ఆలోచించాను. ఊరగాయ అయితే పట్టుకెళ్ళాం గానీ సగం డబ్బా వెనక్కొచ్చింది. ఎందుకంటే క్రీట్ తిండి మనం అనుకునే యూరప్ తిండి కాదు. అక్కడి వాళ్ళు ఆకుకూరలు తింటారండీ, మనలాగే, రోజూ. హోర్తా అంటే ఆకుకూర, ఉడికించి ఆలివ్ నూనె పోసి నిమ్మకాయ పిండి ఇస్తారు. రెండో రోజు హన్యాలో ఒక చిన్న హోటల్లో వ్లీతా అని తెచ్చారు, అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది తోటకూరే" అంది. నేను కాదేమో అన్నాను. తర్వాత చూస్తే నిజంగా తోటకూర జాతే. ఇంకోచోట టొమాటో ముక్కల్లో పచ్చిగా కలిపిన ఆకు గ్లిస్త్రీదా, అది మన పాయలకూర, తెలంగాణలో గంగవాయిలి కూర అంటారే, అదే. ఫావా అంటే పసుపుపచ్చ బఠానీ పప్పు మెత్తగా ఉడికించి ఉల్లిపాయ, నూనె వేసి ఇస్తారు, ముద్దపప్పుకి వేలువిడిచిన చుట్టం. గెమిస్తా అంటే టొమాటోల్లో, క్యాప్సికంలో బియ్యం కూరి ఓవెన్లో పెట్టింది. వేసవి ముదిరితే టొమాటోలో ఉడికించిన బెండకాయ కూడా దొరుకుతుంది, బామియెస్ అని అడగాలి.

శాకాహారులు ఒక మాట గుర్తుపెట్టుకోండి, నిస్తీసిమో. వాళ్ళ ఆర్థడాక్స్ చర్చిలో ఏడాదిలో చాలా రోజులు ఉపవాసాలుంటాయి, ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, పెరుగు ముట్టరు, ఆ వంటల పేరు అది. మనం వెజిటేరియన్ అంటే కొందరు చికెన్ సూప్‌లో ఉడికించిన అన్నం తెచ్చి పెడతారు, నిస్తీసిమో అంటే మాత్రం వాళ్ళకి సంగతి వెంటనే అర్థమవుతుంది, వాళ్ళ అమ్మలు అమ్మమ్మలు చేసినదే కాబట్టి. రొయ్యలు, ఆక్టోపస్ ఉపవాసంలో తినొచ్చు వాళ్ళకి, అందుకని అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. భోజనమయ్యాక అడక్కుండానే పండ్ల ముక్కలు, చిన్న సీసాలో రాకీ అనే సారా తెచ్చి పెడతారు, డబ్బులు తీసుకోరు. తాగకపోతే చెయ్యి గుండె మీద పెట్టుకుని వద్దంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. నాన్న అలాగే చేసేవారు, ఆ హోటలాయన కూడా తిరిగి అలాగే చెయ్యి పెట్టుకునేవాడు.

అందుకే, అన్నీ లోపలే దొరికే పెద్ద రిసార్టులో వారం బుక్ చేసుకుంటే నాకు నచ్చదు. పిల్లలకి ఈత కొలను, బఫే, అంతా సుఖమే, ఒప్పుకుంటాను, ఒంటరిగా చిన్నపిల్లలతో వెళ్ళే తల్లికి అది వరమే. కానీ ఆ బఫేలో తోటకూర ఉండదు. ఏడు వందల ఏళ్ళపాటు, ముందు వెనిస్ వాళ్ళు, తర్వాత టర్కులు, 1913లో గ్రీస్‌లో కలిసేదాకా ఎంతోమంది ఏలిపోయిన దీవి, ఆ గోడ లోపల ఇవేవీ కనపడవు.

ఏం చూడాలి అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా, అన్నీ చూడక్కర్లేదు. అందరూ సమరియా లోయ అంటారు, పైన్నుంచి 16 కిలోమీటర్లు రాళ్ళ మీద దిగాలి, దిగాక అగియా రూమెలి నుంచి పడవ తప్ప రోడ్డు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో దాని పేరు ఎత్తకండి. దానికి బదులు మేం హోరా స్ఫాకియోన్ నుంచి పడవెక్కి లూత్రో వెళ్ళాం, కొండ కింద అర్ధచంద్రంలా ఇరవై ముప్పై తెల్ల ఇళ్ళు, కారు రోడ్డే లేని ఊరు. అమ్మ అక్కడ ఒక కుర్చీలో కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని మూడు గంటలు కదల్లేదు. పది రోజుల్లో ఏది బాగుందమ్మా అంటే ఇప్పటికీ అదే చెప్తుంది. నాలుగు దీవుల ప్లాన్‌లో ఆ మూడు గంటలు ఎక్కడ పెడతారు, నాకైతే జాగా కనపడదు. బాలోస్ బీచ్‌కి కారులో పోకండి, చివర్లో మట్టి రోడ్డు, చాలా అద్దె కార్ల ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదు, దిగాక మళ్ళీ మెట్లు. కిసామోస్ నుంచి పడవలో వెళ్ళొచ్చు.

హెరాక్లియోన్ దగ్గర క్నోసస్ అనే పాత రాజభవనం శిథిలాలు మాత్రం వదలకండి, కానీ పొద్దున గేటు తీసేసరికి అక్కడుండాలి. యూరప్‌లోకెల్లా పాత నగరం అంటారు దాన్ని, నాలుగు వేల ఏళ్ళ కిందటి మాట. మొదట తవ్వింది హెరాక్లియోన్‌కే చెందిన కలోకైరినోస్ అనే వ్యాపారి, 1878లో. తర్వాత 1900 నుంచి ఇంగ్లాండ్ నుంచొచ్చిన ఆర్థర్ ఇవాన్స్ తవ్వాడు, పేరంతా ఆయనకే పోయింది. ఆ ఎర్ర స్తంభాలు, పై అంతస్తులు చాలావరకు ఇవాన్స్ కాంక్రీటుతో కట్టించినవి, దాన్ని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకూ కొంచెం బాధే, కానీ ఏది పాతదో ఏది ఆయన కట్టిందో ముందే చెప్పి చూపిస్తే పిల్లలకి ఊహించుకోవడానికి పనికొస్తుంది. అమ్మకి రాజుగారి గది, సింహాసనం ఏం ఆనలేదు. మనిషెత్తు మట్టి కాగులు వరసగా పెట్టిన గోదాం దగ్గర మాత్రం ఆగిపోయింది. నూనె, ధాన్యం నిలవ చేసుకునేవాళ్ళట. "మా అమ్మమ్మగారింట్లో వడ్లు పోసే కాగులు ఇంతే ఉండేవి, లోపలికి దిగి మరీ తుడిచేవాళ్ళం" అని మా పిల్లలకి చెప్పింది, ఆ కథ మాకూ కొత్తే.

ఎండెక్కాక హెరాక్లియోన్ మ్యూజియానికి రండి, ఏసీ ఉంటుంది, అసలు బొమ్మలన్నీ అక్కడే ఉన్నాయి. ఎద్దు మీంచి దూకే కుర్రాళ్ళ గోడచిత్రం, ఫైస్టోస్ బిళ్ళ. ఆ బిళ్ళ అరచేయంత మట్టి బిళ్ళ, 1908లో దొరికింది, రెండు వైపులా చుట్లు చుట్లుగా 241 ముద్రలున్నాయి, ఇప్పటికీ ఎవరూ చదవలేదు. లీనియర్ ఎ అని ఇంకో లిపి ఉంది, అదీ చదవలేదు. లీనియర్ బి ఒక్కటే 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడు, ఆయన వృత్తికి ఆర్కిటెక్ట్. నాన్నకి ఇది భలే నచ్చింది. పలకల మీద అంకెలుంటే గీతలూ చుక్కలూ లెక్కపెట్టుకుంటూ గంటన్నర ఆ గదిలోనే ఉండిపోయారు, మేం బయట ఐస్‌క్రీమ్ తిని వచ్చినా ఆయన ఇంకా అక్కడే. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాం, ఎందుకంటే మాకు మర్నాడు ఉంది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఇల్లుంది, ఎక్కాల్సిన పడవ లేదు.

ఇక కాగితాల సంగతి. ఇండియా నుంచొచ్చే పెద్దవాళ్ళు ఎక్కువ రోజులు జర్మనీలో మన దగ్గరే ఉంటారు కాబట్టి వీసా జర్మనీదే అడగాలి, క్రీట్ వెళ్తున్నట్టు ప్లాన్‌లో దాచకుండా రాయండి. గ్రీస్ కూడా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనే ఉంది, ఒక్క ఎంట్రీ వీసా అయినా చాలు. ఒక్కటే జాగ్రత్త, కోస్, రోడ్స్ లాంటి దీవుల నుంచి ఎదురుగా ఉన్న టర్కీకి ఒక పూట పడవ టూర్లు అమ్ముతుంటారు, ఒక్క ఎంట్రీ వీసా ఉన్న అత్తగారిని అది ఎక్కించారంటే ఆవిడ షెంగెన్ దాటినట్టే, తిరిగి రానివ్వరు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పదు. ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, ఆఖరి నెల దాకా ఆగొద్దు. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలో పెట్టండి. ఇంకో ఖర్చు, గదికి రాత్రికింత అని హోటల్లో విడిగా ఒక పన్ను కట్టించుకుంటారు, 2025లో బాగా పెంచారు, సీజన్‌లో ఐదు నక్షత్రాల హోటల్ అయితే రాత్రికి 15 యూరోలు, బుకింగ్‌లో చూపించిన రేటులో అది కలిసిందో లేదో చూసుకోండి.

కారు గురించి కూడా. ఆరుగురుంటే ఏడు సీట్ల బండి కావాలి, గేర్లు మార్చక్కర్లేని బండి కావాలంటే ఇంకా ముందే చెప్పి పెట్టుకోవాలి, అవి తక్కువ. ఉత్తరపు తీరం వెంబడి పోయే పెద్ద రోడ్డు మీద అక్కడివాళ్ళు పక్క గీత దాటి అంచు మీదకి జరిగి వెనకవాళ్ళకి దారిస్తారు, మొదటి రోజు మా ఆయన కంగారుపడ్డాడు, రెండో రోజుకి అలవాటైంది. రాత్రి పూట కొండ రోడ్లు వద్దు, మలుపులో మేకలు పడుకుని ఉంటాయి.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, గంట పట్టింది. ఆగస్టు మార్చడం కుదరదంది, భర్తకి అప్పుడే సెలవట. సరే, అయితే మికోనోస్, నాక్సోస్, సాంటోరిని మూడూ తీసెయ్యమన్నాను, ఏథెన్స్ కూడా. తొమ్మిది రాత్రులూ హన్యా వైపే ఉండి, పొద్దున పదకొండు లోపు తిరిగి, మధ్యాహ్నం పెద్దవాళ్ళని పడుకోనిచ్చి, ఐదింటికి సముద్రానికి వెళ్ళమన్నాను. ఇల్లు మాత్రం పాత ఊరి సందుల్లో తీసుకోవద్దని రెండుసార్లు చెప్పాను. ఫోటోల్లో బాగుంటాయి, లోపలికి కారు రాదు, సూట్‌కేసులు రాళ్ళు పరిచిన సందుల్లో లాక్కుంటూ పోవాలి, పడక గదులు ఇరుకు మెట్ల మీద పైన ఉంటాయి. పాత ఊరి గోడ బయట, కింది అంతస్తులో, కారు పెట్టుకునే జాగా ఉన్నది చూడు, అక్కణ్ణుంచి రేవుకి మామయ్యగారు పది నిమిషాల్లో నడిచి వెళ్ళగలరు అన్నాను.